కొత్త నిమ్మజాతి పండుకు పేరెలా పెట్టాలి?

చలికాలంలో విజయవాడ కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్‌కు వచ్చే నిమ్మజాతి పండ్లలో ఒకే పేరుతో బతికేవి తక్కువ. అనంతపురం రైతు చీనీ అని లారీకెత్తిన కాయ ఇక్కడ దిగేసరికి బత్తాయి అవుతుంది, జ్యూస్ షాపు బోర్డు మీదికి ఎక్కేసరికి మోసంబి అవుతుంది. నిజానికి మోసంబి మహారాష్ట్రలో ఎక్కువగా పండే వేరే రకం, మన దగ్గర ప్రధానంగా పండేది సాత్‌గుడి. నాగపూర్ సంత్రాను ఇక్కడ కమలా అంటారు. పంజాబ్ కిన్నోను కూడా చాలా బండ్ల మీద కమలా అనే అమ్ముతారు. విదేశాల నుంచి అట్టపెట్టెల్లో, కాయ కాయకూ స్టిక్కర్‌తో వచ్చేది మాత్రం ఆరెంజ్. వృక్షశాస్త్రం లెక్కలో ఆ స్టిక్కర్ ఆరెంజూ మన బత్తాయీ ఒకే జాతి. కమలా వేరు.

పాత పండ్ల విషయంలో ఈ గజిబిజి పెద్దగా నష్టం చేయదు. కాయ కళ్లముందే ఉంటుంది, రుచి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఏ పేరుతో అమ్మినా కొనేవాళ్లు పోల్చుకుంటారు. కొత్త రకానికి ఆ వీలు లేదు. దాన్ని ఒలుచుకుని తినాలా, పిండుకుని తాగాలా, పచ్చగా ఉంటే పుల్లగా ఉన్నట్టా, గింజలుంటాయా అన్న ప్రశ్నలన్నిటికీ మొదట్లో పేరు ఒక్కటే జవాబు చెప్పాలి. అందుకే కొత్త నిమ్మజాతి పండును ఏ వర్గంలో చేర్చాలి, ఏమని పిలవాలి అన్నది ప్రచారం చూసుకునేవాళ్లకు వదిలేసే పని కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఆ పేరును అందరికంటే ముందు నమ్మేది పండు కొనేవాళ్లు కాదు, మొక్క కొనే రైతు. అంటు మొక్క నాటాక మూడు నాలుగేళ్లకు గాని నిమ్మజాతి తోట కాపు పట్టదు. మంచి దిగుబడికి ఇంకొన్నేళ్లు ఆగాలి. నర్సరీలో జానెడు మొక్కగా ఉన్నప్పుడు ఆకు చూసి ఇది ఫలానా బత్తాయి అని తేల్చడం అనుభవమున్నవాళ్లకే కష్టం. మిర్చిలో రకం తప్పు వస్తే ఒక సీజన్‌లో బయటపడుతుంది, మరుసటి ఏడు విత్తనం మార్చుకోవచ్చు. నిమ్మతోటలో తప్పు పేరు బయటపడేసరికి నాలుగేళ్ల పెట్టుబడి, నీళ్లు, కూలి అన్నీ మట్టిలో కలిసిపోయి ఉంటాయి. పైగా అంటు మొక్కంటే రెండు చెట్ల కలయిక. పైన సాత్‌గుడి ఉంటే కింద వేరుమూలం రంగపూర్ నిమ్మ కావచ్చు, జంబేరి కావచ్చు. నేలను, తెగుళ్లను తట్టుకునే శక్తి చాలావరకు ఆ వేరుమూలాన్ని బట్టి ఉంటుంది. పైరకం పేరు మాత్రమే రాసిచ్చే నర్సరీ చీటీ సగం సమాచారమే ఇచ్చినట్టు.

శాస్త్రం చెప్పే జాతులు మార్కెట్‌కు చాలవు

వర్గీకరణ అనగానే వృక్షశాస్త్రాన్ని అడగాలనిపిస్తుంది. నిమ్మజాతి విషయంలో వృక్షశాస్త్రజ్ఞులే ఒక మాట మీద లేరు. అమెరికాకు చెందిన వాల్టర్ స్వింగిల్ ఈ ప్రజాతిలో 16 జాతులే ఉన్నాయన్నారు. జపాన్ శాస్త్రవేత్త తనాకా 160కి పైగా జాతులు లెక్కకట్టారు. ఒకరు పొరపాటు పడ్డారని కాదు. ఈ చెట్లు ఒకదానితో ఒకటి తేలిగ్గా సంకరమవుతాయి. అంతేకాదు, చాలా రకాల గింజల్లో పరాగసంపర్కంతో నిమిత్తం లేకుండా తల్లిచెట్టుకు అచ్చమైన నకళ్లలాంటి పిండాలు కూడా ఏర్పడతాయి. ఎప్పుడో ఒకసారి పుట్టిన సంకరం అలా తరతరాలు మారకుండా నిలిచిపోయి, చూసేవాళ్లకు ఒక ప్రత్యేక జాతిలా కనిపిస్తుంది.

జన్యు పరిశోధనలు ఈ చిక్కు చాలావరకు విప్పాయి. 2018లో వెలువడిన అధ్యయనం నిమ్మజాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదాలని, అంటే అస్సాం, ఉత్తర మయన్మార్, చైనాలోని యునాన్ పరిసరాలని తేల్చింది. ఇవాళ మనం తినే పండ్లలో ఎక్కువ భాగానికి మూలపురుషులు మూడే: పంపర పనస, కమలా, మాదీఫలం. పంపర పనసా కమలా కలిస్తే పుల్ల నారింజ. ఆ నారింజా మాదీఫలమూ కలిస్తే విదేశీ లెమన్. బత్తాయి జాతి కూడా పంపర పనస, కమలాల మధ్య జరిగిన సంకరాల సంతానమే. మన వంటింటి నిమ్మకాయ తండ్రి మాదీఫలమే గాని, తల్లి ఫిలిప్పీన్స్ వైపు దొరికే ఒక అడవి నిమ్మ.

ఇంత తెలిశాక కూడా వ్యాపారికి అందులో పనికొచ్చేది తక్కువే. సాత్‌గుడి, మోసంబి, వాలెన్షియా, నావెల్, ఎర్ర గుజ్జు బ్లడ్ ఆరెంజ్, ఇవన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే చెట్టు. వందల ఏళ్లలో ఏదో ఒక కొమ్మలో, ఒక మొగ్గలో వచ్చిన చిన్న మార్పును అంటు కట్టి నిలబెట్టడం వల్ల అవి వేర్వేరు రకాలయ్యాయి. గింజ, పులుపు, రంగు, కాపు కాలం లాంటి మార్కెట్ చూసే తేడాలన్నీ ఒకే జాతి లోపల ఉన్నాయి. కాబట్టి జాతి పేరు దగ్గర ఆగితే కొనేవాళ్లకు ఏమీ చెప్పనట్టే.

మార్కెట్ వేసుకున్న వర్గాలు వాడకాన్ని బట్టి ఏర్పడ్డాయి. చేత్తో ఒలిచి తొనలు తినేది కమలా. కోసి పిండేది బత్తాయి. పులుపు కోసం నిమ్మ. ఊరగాయకు దబ్బకాయ, తొక్క పలచగా ఉంటే నిమ్మ కూడా. ఈ విభజన శాస్త్రీయం కాదని తీసిపారేయడం తప్పు. కొత్త పండు వచ్చినప్పుడు వినియోగదారు మనసులో వెతుక్కునేది ఈ అరల్లోనే. కిన్నో ఇక్కడ కమలా పేరుతో చెల్లిపోవడానికి కారణం కూడా అదే, దాన్నీ ఒలుచుకునే తింటారు. అయితే కిన్నో తొక్క నాగపూర్ కమలా అంత వదులుగా ఊడదు, గింజలు ఎక్కువ, రసం ఎక్కువ. కమలా అనుకుని కొన్నవాళ్లు నిరాశపడతారు. జ్యూస్ కోసం కొంటే సంతోషిస్తారు. అమెరికాలో 1915లో కింగ్, విల్లో లీఫ్ అనే రెండు కమలా రకాలను సంకరపరిచి, 1935లో విడుదల చేసిన రకమిది. తల్లిదండ్రుల పేర్లలోంచే దాని పేరు పుట్టింది. పలకడానికి తేలిక, మరే పండుతోనూ కలవదు. ఆ పేరు పెట్టెల మీద ఉండి బండి మీదికి రాకపోవడం వల్ల నష్టపోతున్నది ఆ పండే.

తెనాలి నిమ్మ, గింజలేని నిమ్మ

గుంటూరు జిల్లాలో నిమ్మ వ్యాపారానికి తెనాలి పెట్టింది పేరు. అక్కడ కాయను సైజు, రంగు, తొక్క నునుపు, మచ్చలు చూసి గ్రేడు చేస్తారు. రకం ఏమిటన్న ప్రశ్న దాదాపు రాదు, ఎందుకంటే వచ్చేదంతా పలచటి తొక్క ఉన్న కాగ్జీ నిమ్మ అని అందరికీ తెలుసు. గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ లాంటి రకాలు పరిశోధన స్థానాల నుంచి వచ్చినా, కాయ అదే కుటుంబానిది కాబట్టి మార్కెట్లో ఇబ్బంది రాలేదు. బాలాజీ అన్న పేరు రైతుకు అవసరం, వ్యాపారికి కాదు.

గింజలేని నిమ్మతో ఆ లెక్క మారుతుంది. నర్సరీల్లో సీడ్‌లెస్ నిమ్మ అని అమ్మే మొక్కల్లో ఒకటి పర్షియన్ నిమ్మ, దానికే తాహితీ నిమ్మ అని మరో పేరు. అది మన నిమ్మలో గింజ తీసేసిన రకం కాదు, వేరే జాతి. దానిలో క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు ఉండటం వల్ల గింజ కట్టదు. కాయ పెద్దది, చెట్టుకు ముళ్లు తక్కువ, తొక్క మందం, వాసన మన నిమ్మ అంత ఘాటుగా ఉండదు. హోటళ్లకు, షర్బత్‌కు బాగుంటుంది. పలచటి తొక్క మెత్తబడి రసంలో కలిసిపోవాల్సిన నిమ్మకాయ ఊరగాయకు అది సరైన కాయ కాదు. రెంటినీ నిమ్మ అన్న ఒకే పేరు కింద ఒకే రాశిలో పోస్తే ఊరగాయ పెట్టేవాళ్లు ఒకసారి మోసపోయి ఆ మార్కెట్నే అనుమానిస్తారు. ‘గింజలేని’ అన్న మాట నిజమే చెబుతోంది, కాని కొనేవాళ్లకు తెలియాల్సిన మిగతా సంగతిని దాచేస్తోంది. దీనికి వేరే పేరు, వేరే లాట్, వేలంలో వేరే పాట ఉండాలి. నిమ్మ అన్న మాట పక్కన పర్షియన్ అని చేర్చి పిలవడం ఇప్పటికి ఉన్న వాటిలో నిజాయితీగల దారి.

పచ్చ బత్తాయికి పేరే రక్షణ గోడ

రకం పేరుకు ఎంత విలువుందో చెప్పడానికి బత్తాయి కంటే మంచి ఉదాహరణ దొరకదు. నిమ్మజాతి తొక్కలో ఆకుపచ్చదనం పోయి నారింజ రంగు రావాలంటే రాత్రిళ్లు చల్లబడాలి. మన వేడిలో లోపల పండు తయారైనా పైన పచ్చగానే ఉంటుంది. చల్లటి దేశాల కొనుగోలుదారు పచ్చటి ఆరెంజ్‌ను చూస్తే పచ్చికాయ అనుకుంటాడు. ఆహార పదార్థాలకు అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంస్థ ఆరెంజ్‌లకు ప్రమాణం తయారుచేసినప్పుడు ఈ సమస్యకు ఒక పరిష్కారం పెట్టారు. కాయ మీద ఐదో వంతు కంటే ఎక్కువ పచ్చదనం ఉంటే మామూలుగా కనీసం 45 శాతం రసం ఉండాలి. మోసంబి, సాత్‌గుడి, పచితాన్ అనే మూడు రకాలకు మాత్రం 33 శాతం చాలు. మనవాళ్ల సాత్‌గుడి పేరు ఒక అంతర్జాతీయ పట్టికలో అలా నిలిచింది. రకం పేరుతో కాకుండా ‘భారతీయ ఆరెంజ్’ అనో ‘స్వీట్ లైమ్’ అనో సరుకు పంపితే ఆ మినహాయింపు వర్తించదు. స్వీట్ లైమ్ అన్న పేరు మరీ తప్పు, అది ఇంకో జాతికి చెందిన పండు. ఇంగ్లీషు మెనూల్లో బత్తాయిని అలా రాయడం ఎంత అలవాటైపోయినా మానుకోవాల్సిన అలవాటే.

రేపు సాత్‌గుడి తోటలోనే ఒక కొమ్మ గింజ తక్కువ కాయలు కాసి, దాన్ని అంటు కట్టి కొత్త రకంగా నిలబెట్టారనుకుందాం. దానికి పూర్తిగా కొత్త పేరు పెడితే ఈ మినహాయింపు అడగడం కష్టమవుతుంది. సాత్‌గుడి అన్న మాటను పేరులో ఒక భాగంగా ఉంచుకుంటే దాని పుట్టుక కనిపిస్తుంది, వాదించడానికి ఆధారమూ ఉంటుంది.

రంగును పేరులో పెట్టడం ఇంకా ప్రమాదం. ఎర్ర గుజ్జు పండ్లన్నీ ఒకటే అన్న అభిప్రాయం మార్కెట్లో ఉంది. బ్లడ్ ఆరెంజ్ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, దానికి చలి కావాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల వేడిలో అదే మొక్క నాటితే గుజ్జు ఎర్రబడుతుందన్న భరోసా ఏమీ ఉండదు. 1976లో వెనెజులాలో దొరికిన కారా కారా నావెల్‌లోని గులాబీ రంగు, ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ రంగు లైకోపీన్‌వి. అంటే టమాటాలో ఉండేదే, దానికి చలి అక్కర్లేదు. ‘రెడ్ ఆరెంజ్’ అని ఒకే పేరుతో ఈ రెండు రకాల మొక్కలూ అమ్మితే ఒక రైతుకు ఎర్ర పండ్లొస్తాయి, పక్క రైతుకు మామూలు ఆరెంజ్ వస్తుంది. ఎక్కడ నాటినా నిలబడని గుణాన్ని పేరులోకి ఎక్కించకూడదు.

మూడు పేర్లు, మూడు చట్టాలు

మన దేశంలో కొత్త రకానికి పేరు నమోదు చేసేది 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. రకం మిగతావాటికంటే భిన్నంగా ఉండాలి, చెట్టుకు చెట్టుకు ఒకేలా ఉండాలి, తరాలు మారినా గుణం మారకూడదు. రకం కొత్తదై, ఈ మూడూ రుజువైతే చెట్ల విషయంలో 18 ఏళ్ల హక్కు వస్తుంది. రైతు తన తోటలో గుర్తించి పెంచిన రకాన్ని కూడా ఇదే చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. ఈ అవకాశం గురించి మన పండ్ల రైతుల్లో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

పేరు మీద ఈ చట్టం పెట్టిన షరతులు ఆలోచించి పెట్టినవే. ఒక రకానికి ఒకే పేరు. ఉత్త అంకెలు పేరుగా పనికిరావు. గుణం గురించి, విలువ గురించి, ఎవరు తయారుచేశారన్న దాని గురించి తప్పుదోవ పట్టించే పేరు చెల్లదు. దగ్గరి జాతుల్లో ఇప్పటికే ఉన్న పేరు మళ్లీ పెట్టకూడదు. మత విశ్వాసాలను నొప్పించకూడదు. ఊరి పేరును మామూలుగా ఒప్పుకోరు, నిజాయితీగా వాడుతున్నారని అధికారికి నమ్మకం కుదిరితే తప్ప. అలా నమోదైన రకం పేరును ఎవరూ సొంత ట్రేడ్‌మార్క్‌గా తీసుకోలేరు.

ఊరి పేరుకు వేరే చట్టముంది, భౌగోళిక గుర్తింపు. నాగపూర్ సంత్రాకు, జాల్నా మోసంబికి, గుంటూరు సన్నం మిర్చికి ఆ గుర్తింపు ఉంది. అది ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి సంపాదించిన పేరుకు రక్షణ, నిన్న పుట్టిన రకానికి కాదు. కొత్త రకానికి ‘తెనాలి’ అనో ‘బెజవాడ’ అనో పేరు పెట్టాలన్న ఆశ సహజం. ఆ మొక్క రేపు నెల్లూరులోనో నల్గొండలోనో పండితే ఆ పేరు అబద్ధమవుతుంది, తెనాలి పరిసరాల్లో మామూలు నిమ్మ పండించేవాళ్లకూ అది అడ్డం వస్తుంది. ఊరి పేరును ఊరికే ఉంచడం మంచిది.

మూడోది వ్యాపార నామం, అంటే ట్రేడ్‌మార్క్. దీన్ని బాగా వాడుకున్న దేశం జపాన్. షిరానుయి అని అక్కడొక రకం ఉంది, తొడిమ దగ్గర బొడిపెలా పొడుచుకొచ్చి ఉండే పెద్ద కమలా. దాన్ని డెకోపాన్ పేరుతో అమ్మాలంటే కాయలో తీపి కనీసం 13 బ్రిక్స్ ఉండాలి, పులుపు 1 శాతానికి మించకూడదు. ఆ కొలతకు రాని కాయ షిరానుయి అనే అమ్ముడుపోతుంది. అదే రకాన్ని కొరియాలో హల్లాబాంగ్ అంటారు, అమెరికాలో సుమో పేరుతో అమ్ముతారు. ఇందులో గమనించాల్సింది, రకం పేరు రైతు చేతిలో మిగిలింది, వ్యాపార నామం ఒక కొలతకు కట్టుబడింది. దీనికి భిన్నమైన పద్ధతి అమెరికాలో కనిపిస్తుంది. క్లెమెంటైన్, డబ్ల్యూ మర్కాట్, టాంగో లాంటి వేర్వేరు రకాలను సీజన్‌ను బట్టి మారుస్తూ, సంచీ మీద మాత్రం ఒకే బ్రాండ్ పేరు వేస్తారు. కొనేవాళ్లకు సుఖమే. కాని పండు రకం పేరు జనం నోట్లో లేకుండా పోతుంది, ఒక రకం బాగా పండించిన రైతు ఆ పేరు చెప్పి ధర అడగలేడు. మన పరిస్థితుల్లో, ఎక్కువమంది చిన్న రైతులే ఉన్నచోట, జపాన్ పద్ధతే న్యాయమైనది.

క్లెమెంటైన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అల్జీరియాలో ఒక అనాథాశ్రమం తోటలో పనిచేసిన బ్రదర్ క్లెమెంట్ పేరు మీద 1902లో దానికి ఆ పేరు పెట్టారు. కస్టమ్స్ కోడ్‌లలో దానికి సొంత వరుస వచ్చింది 2017లో, 0805.22 అని. అప్పటిదాకా కమలాలతో కలిపి ఒకే అంకె కింద లెక్కించేవారు. సొంత వరుస లేని పండు ఎంత ఎగుమతి అయిందో, ధర ఎలా కదిలిందో విడిగా చెప్పే లెక్క ఉండదు. కొత్త సంకరాలు చాలావాటికి ఇప్పటికీ ‘ఇతరములు’ అన్న గదే గతి.

యార్డులో నిలిచే పేరు

చట్టంలో నమోదైన పేరు నోటి మీద నిలుస్తుందన్న నమ్మకం లేదు. గుంటూరు మిర్చి యార్డు దీనికి సాక్ష్యం. లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 రకం అక్కడ ఉత్త 334 అయింది. తేజ మాత్రం తేజగానే ఉంది. రెండూ పలకడానికి తేలిక, రెండూ పాటలో గట్టిగా అరిచి చెప్పడానికి వీలైనవి. కృష్ణా జిల్లాలో తోతాపురి మామిడి కలెక్టర్ కాయ అయింది. మార్కెట్ తనకు నచ్చిన పేరే ఉంచుకుంటుంది, నోరు తిరగని పేరును మార్చేస్తుంది. అలా మార్చినప్పుడు రెండు రకాలు ఒకే పేరు కిందికి రావచ్చు, ఒకటి రెండు పేర్లతో చీలిపోనూ వచ్చు. కాబట్టి పేరు ఖరారు చేసేముందు దాన్ని హమాలీలు, కమీషన్ వ్యాపారులు, బండి మీద అమ్మేవాళ్లు ఎలా పలుకుతారో వినడం పరిశోధన స్థానం చేయాల్సిన పనుల్లో ఒకటి. రెండు మూడు అక్షరాల పేరు, ఇప్పటికే ఉన్న పండు పేరుకు దగ్గరగా లేనిది, ఏ రంగునూ ఏ ఊరినీ వాగ్దానం చేయనిది అయితే పాటలో చెరగకుండా నిలుస్తుంది. వాడకాన్ని చెప్పే పాత మాటను, అంటే కమలా, బత్తాయి, నిమ్మల్లో ఏది సరైతే దాన్ని, వెనక చేర్చాలి. అప్పుడు కొనేవాళ్లకు అరా దొరుకుతుంది, కొత్తదన్న సంగతీ తెలుస్తుంది.

చివరిగా గడువుల లెక్క. రకం మీద హక్కు 18 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత ఆ మొక్కను ఎవరైనా అంటు కట్టి, అదే రకం పేరుతో అమ్ముకోవచ్చు. ట్రేడ్‌మార్క్ అలా కాదు, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే దానికి అంతం లేదు. నిమ్మజాతి తోటలో నాటిన నాలుగేళ్లకు కాపు మొదలై, ఊళ్లు దాటి సాగు వ్యాపించి, పండు జనానికి పరిచయమయ్యేసరికే ఆ 18 ఏళ్లలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. అప్పటికి ప్రజల నోట్లో ఉన్నది ఏదో కంపెనీ వ్యాపార నామమే అయితే, మొక్క అందరిదైనా పేరు ఆ కంపెనీదే. వ్యాపార నామాన్ని రైతు ఉత్పత్తిదారుల సంఘమే, తీపి పులుపుల కొలతలను వాడకపు షరతులుగా పెట్టి, సమష్టి గుర్తుగా నమోదు చేసుకునే వీలు ట్రేడ్‌మార్క్ చట్టంలో ఉంది. ఆ దరఖాస్తు తోట కాపుకొచ్చాక కాదు, మొదటి మొక్కలు నర్సరీ దాటే ఏడాదే పెట్టాలి.